ఆ ఒక్క కిటికీ కోసమే కుట్టిన కర్టెన్

నేను ఒక కర్టెన్‌ని. కొట్లో మడతపెట్టి అమ్మే రకాన్ని కాను. కాకినాడలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, హాల్లో ఉన్న పెద్ద కిటికీ కోసం కొలత పెట్టి కుట్టినదాన్ని. ఈ మాట మొదట్లో గర్వంగా చెప్పుకునేదాన్ని. అలా కుట్టినదానికి ఆ ఒక్క కిటికీ కాదంటే లోకంలో ఇంకెక్కడా చోటు ఉండదని అప్పటికి నాకు తెలియదు.

నాది ముదురాకుపచ్చ రంగు, మీద బంగారు లతలు. నూకరాజు కొట్లో పై అరలో చాలాకాలం చుట్టగానే పడున్నాను. వచ్చినవాళ్ళు నన్ను తడిమి, ధర అడిగి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకునేవారు.

ఒకరోజు నళిని వచ్చింది. కొత్త ఫ్లాటుకి కర్టెన్లు కావాలంది. ఆవిడ నా వంక చూడనేలేదు. లేత గోధుమరంగు నూలుబట్ట ఒకటి తీయించి, వెలుతురుకి ఎదురుగా పట్టి, నేత సమంగా ఉందో లేదో వేలితో రాసి చూసి, తడిస్తే ఎంత కుంచించుకుపోతుందో కనుక్కుని, అదే ఖాయం చేసింది. ఆవిడ లెక్కల్లో డిగ్రీ చదివింది. ఆ ఫ్లాటులో చిన్నగది తనదట. అక్కడ పిల్లలకు లెక్కలు చెప్పాలని, బల్లలకీ బోర్డుకీ అని చీటీ కట్టి డబ్బు కూడబెట్టుకుందట. అందుకే కర్టెన్లకు ఎక్కువ పెట్టలేనంది. అన్నీ జాగ్రత్తగానే మాట్లాడింది గానీ, పోతూ పోతూ ఒక పొరపాటు చేసింది. గృహప్రవేశం ముహూర్తం చెప్పేసింది. ముహూర్తం తెలిసిన కొట్టువాడి దగ్గర ఇక బేరం సాగదు. పాలు పొంగే వేళకి కిటికీలు బోసిగా ఉండకూడదని ఇంటివాళ్ళకి ఎంత ఆత్రమో అతనికి బాగా తెలుసు.

ఆ వారంలోనే ఆవిడ భర్త గిరిధర్ ఒక్కడే వచ్చాడు. ఏదో కంపెనీలో మేనేజరు. నూలుబట్ట చూసి పెదవి విరిచాడు. తలెత్తి నన్ను చూసి, దింపమన్నాడు. రెండు చేతులా ఎత్తి పట్టుకుని, భుజాన వేసుకుని, కొట్లో ఉన్న అద్దంలో కూడా చూసుకున్నాడు. అంత మురిపెంగా నన్ను అంతవరకు ఎవరూ పట్టుకోలేదు. గృహప్రవేశానికి ఆఫీసులో పెద్దవాళ్ళంతా వస్తారని, వాళ్ళ ముందు ఆ వెలిసిన గుడ్డ బాగోదని అన్నాడు.

"మేడమ్ గారు అదే కావాలన్నారండి," నూకరాజు నసిగాడు.

"ఆవిడకి చెప్పకండి. సర్‌ప్రైజ్."

నా ఖరీదు అడిగితే నూకరాజు మీటరు ధర చెప్పి ఊరుకున్నాడు. కొట్లో ఎవరికైనా చెప్పేది అంతవరకే. కుచ్చిళ్ళు నిండుగా పడాలంటే కిటికీ వెడల్పుకి మూడింతల గుడ్డ పోతుంది. ఎండకి రంగు వెలిసిపోకుండా వెనకాల ఇంకో గుడ్డ వెయ్యాలి. రెండూ కలిపి కుట్టినందుకు కూలి వేరు. ఆపైన ఇత్తడి కడ్డీ, దాని చివర్లకి గుండ్లు, కొక్కేలు, పక్కకి లాగి కట్టే తాళ్ళు, ఆ తాళ్ళకి కుచ్చులు, ఇవన్నీ బిగించడానికి మనుషులు. గుడ్డ కంటే గుడ్డకి చేసిన అలంకారమే ఎక్కువైంది.

గృహప్రవేశం ముందురోజు నన్ను మోసుకొచ్చారు. నళిని మూట విప్పి, ఇంకెవరివో తెచ్చారనుకుంది. బిల్లు చూసి గోడకి చేరబడింది. తను అనుకున్నది నలభై వేలు. అందులో ఉన్నది లక్షా ముప్ఫై ఐదు వేలు. డబ్బు చేతిలో పడితేనే కడ్డీ బిగిస్తామన్నారు వచ్చినవాళ్ళు. అవతల వంటవాళ్ళు పొయ్యిలు పెడుతున్నారు, చుట్టాలు దారిలో ఉన్నారు. గిరిధర్ ఆవిడని పక్కకి పిలిచాడు. కొట్టువాడేదో పొరపాటు చేసినట్టున్నాడని, శుభమా అని ఇప్పుడు గొడవెందుకని, చీటీ డబ్బు ఇచ్చేస్తే బోనస్ రాగానే సర్దేస్తానని నచ్చజెప్పాడు. ఆవిడ నమ్మింది. నిజం చెబుదామంటే నాకు నోరు లేదు.

మర్నాడు వచ్చినవాళ్ళంతా నన్నే చూశారు. గిరిధర్ అక్క సత్యవతి ధర విని బుగ్గలు నొక్కుకుంది.

"అంతా మీ మరదలి సరదా అక్కా. నేను వద్దంటూనే ఉన్నాను," అన్నాడు గిరిధర్.

"మా తమ్ముడి జీతమంతా గోడకి వేలాడదీశావే నళినీ," అందావిడ.

అందరూ నవ్వారు. కాఫీ గ్లాసుల పళ్ళెంతో నళిని అక్కడే ఉంది. గిరిధర్‌తో పెళ్ళయ్యాక ఒక్క రూపాయి దుబారా చెయ్యని మనిషికి, ఆ రోజునుంచి చుట్టాల్లో దుబారా మనిషన్న పేరు స్థిరపడింది.

బోనస్ వచ్చింది, కారుకి వెళ్ళిపోయింది. చిన్నగది అట్టపెట్టెలతో నిండింది. నన్ను వెనక్కి తీసుకుంటారేమో కనుక్కోవడానికి నళిని కొట్టుకెళ్ళింది. కొలతకు కుట్టింది మళ్ళీ ఎవరు కొంటారండీ అన్నాడట నూకరాజు. అయినా సార్ స్వయంగా వచ్చి ముచ్చటపడి ఏరుకున్నదే కదండీ అని కూడా అన్నాడట. ఇంటికొచ్చి చాలాసేపు నా ఎదురుగా కూర్చుంది. నా అంచు చేతిలోకి తీసుకుని, వేలితో ఒకసారి రాసి వదిలేసింది.

కొన్నాళ్ళకి సత్యవతి మళ్ళీ వచ్చింది. తనూ ఇల్లు కట్టుకుంటోందట. కర్టెన్లు ఎక్కడ కుట్టించారని అడిగితే గిరిధర్ పాత పాటే అందుకున్నాడు, నళిని పిచ్చి అంటూ.

"ఆ కొట్టుకి మీ తమ్ముణ్ణే తీసుకెళ్ళండి వదినా," అంది నళిని, గొంతు పెంచకుండా. "ఇది ఏరింది ఆయన. కట్టింది నా చీటీ డబ్బు. ఆయనే ఏరారన్న సంగతి కొట్టాయన చెప్పేదాకా నాకు తెలీదు."

సత్యవతి తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా?"

"ఏదో సర్‌ప్రైజ్ చేద్దామని అక్కా."

"దాని డబ్బుతోనా?"

"అసలు నేను సరిగ్గా చూడను కూడా చూడలేదు. ఆ కొట్టువాడే అంటగట్టేశాడు," అన్నాడు గిరిధర్.

భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్న మనిషి, నా ముందే నిలబడి ఆ మాటన్నాడు. నళినికి ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ స్టూలెక్కి కొక్కేలు ఒక్కొక్కటే విప్పింది. అట్టపెట్టెలన్నీ గిరిధర్ బట్టల బీరువా ముందు పేర్చింది. చిన్నగది గోడకి తనే నల్లరంగు వేసింది. బల్లలు లేవు గనక నన్ను నాలుగు మడతలు వేసి కింద పరిచింది. సాయంత్రానికి పిల్లలు వచ్చి నా బంగారు లతల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. ఇప్పుడు నా మీద సిరా మరకలున్నాయి, పెన్సిలు చెక్కిన పొట్టు ఉంది. గిరిధర్ గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళిపోతాడు.

నిన్న ఎదురు ఫ్లాటాయన ఏదో పనిమీద వచ్చి, కిటికీ బోసిగా ఉందేమని అడిగాడు.

"ఉతకడానికి వేశామండీ," అన్నాడు గిరిధర్. "మా ఆవిడకి అవంటే ప్రాణం."

ఈ గది తలుపు తీసే ఉంది. గోడ మీద సుద్దముక్క ఒక్క క్షణం ఆగింది. నళిని వెనక్కి తిరగలేదు.

"రాసుకోండి," అంది పిల్లలతో.