తెర తాడు ఇంటోళ్లు

పొద్దున లేచి వనజ చేసే పని అందరు ఆడోళ్లు చేసేదే. వాకిలి ఊడ్చుడు, పొయ్యి ముట్టిచ్చుడు, కోళ్లను ఇడిసిపెట్టుడు, జావ కాసుడు. కాకపోతే అన్నీ ఎడమ చేత్తోనే. కుడి చేతిల తాడు ఉంటది గదా. ఆ కొస గుట్ట మీద రెండు టేకు గుంజల నడుమ చుట్టి లేపిన నాటకం తెరకు, ఈ కొస వనజ చేతికి. పండుకునేటప్పుడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటది. బిడ్డ పద్మప్రియను కన్నది గూడ గట్లనే. తాడు అడ్డమొస్తుందని మంత్రసాని భీమక్క తిట్టుకుంటనే కాన్పు చేసింది.

బూర్గంపాడు దాటి గోదారి ఒడ్డుకు పోయి ఎవరినడిగినా చెప్తరు, తెర తాడు ఇంటోళ్లు ఏడుంటరో. ఇంటింటి సర్వేకొచ్చిన సారు "ఏం పని చేస్తవమ్మా" అంటే వనజ తాడు చూపెట్టింది. "సొంతమా, కూలా?" అని అడిగి, కూలి అని రాసుకొని పోయిండాయన.

తెర కింద కుర్చీల, ముఖానికి వేషం రంగు తుడవకుంటనే, పగిడయ్య మేనేజరు కూసుంటడు. వయసు నూట అరవై పైనే. ఆధార్ల అంత ఎనకటి ఏడు పట్టలేదని కంప్యూటరాయన తనకు తోచిన ఏడు ఏసి పంపిండు.

ఈయన సంగతి చెప్పకుంటే తాడు సంగతి అర్థం కాదు. పన్నెండేండ్లకు నాటకాల కంపెనీల చేరిండు, ఆడవేషాలకు. చంద్రమతి వేషంల ఏడిస్తే ముందట కూసున్న జమీందార్లు పైపంచెలు తడుపుకునేటోళ్లంట. గొంతు మారినంక హరిశ్చంద్రుడు. ముప్పై నిండకముందే సొంత కంపెనీ పెట్టిండు. నాలుగు ఎడ్లబండ్లు, రెండు పడవలు, రాజమండ్రిల బొమ్మలేయించిన కొత్త తెర. గోదారి ఎంబడి ఊరూరా ఆడుకుంట పైకొచ్చిండు. వేషగాడు ఎంత గొప్పోడో మేనేజరుగ అంత కఠినం. వేషం ఆలస్యమైతే ఆ పూట అన్నం లేదు. ఎవరింట్లనన్న చావు కబురొస్తే, వాళ్ల సీను అయినంకనే చెప్పేది. "ఆట నడుమల ఆపినోడు మేనేజరే కాదు" అనేటోడు.

గట్ల ఈ గుట్ట మీద ఆటాడుతుంటే గోదారి ఎక్కింది. చూసేటోళ్లు లేచి ఉరికిన్రు. ఈయన ఆపలే. "మీ వంతు వచ్చేదాకా కదలొద్దు" అని వేషగాళ్లను తెర ఎనక నిలబెట్టిండు. తెర ఎనక పల్లం. నీళ్లు ఆ దిక్కుకెళ్లే వచ్చినయి. పద్నాలుగు మంది పోయిన్రు. ఆ ఒక్క ఆట కోసం అడవిలకెళ్లి కూలికి పిలిచినాయన తాడు పట్టుకొని నిలబడి, "దించాల్నా దొరా" అని అడిగిండు. "నేను చెప్పేదాకా వదలకు" అన్నడు మేనేజరు.

ఇంతవరకు చెప్పలే.

ఎందుకు చెప్పలేదంటే, తెర పడితేనే ఆట అయిపోయినట్టు. అయిపోనంతవరకు ఆ పద్నాలుగు మంది పోలే, తమ వంతు కోసం ఎనక నిలబడ్డట్టే. రోజూ పొద్దుగూకంగ మేనేజరు ఎనక్కు తిరిగి "తయారుగా ఉండండి" అంటడు. గజ్జెలు మోగుతయి, ఎవరో దగ్గుతరు. మేకలు కాసేటోళ్లు ఆ దగ్గు విని ఇండ్లకు మళ్లుతరు.

ఆ కూలాయన ఇచ్చిన మాట మాటే కాబట్టి తాడు తండ్రికెళ్లి కొడుక్కు, ఆ కొడుక్కెళ్లి ఇంకో కొడుక్కు, ఆయన బిడ్డ చిన్నక్కకు, చిన్నక్క బిడ్డ వనజకు వచ్చింది. వరదలొస్తే ఊరంతా క్యాంపుకు పోతది, ఈ ఇల్లొక్కటే ఉంటది. ఓసారి తాడు టేకు చెట్టుకు కట్టిన్రు, వారానికి చెట్టు ఎండింది. బర్రెకు కట్టిన్రు, మూడొద్దులకు బర్రె పోయింది. వనజ పెనిమిటి రెండేండ్లు చూసి, "తాడున్న ఆడదాంతోటి ఎంత దూరం పోత" అని కల్లూరు దిక్కు మిరప తోటలకు పోయి ఆడనే ఉన్నడు.

మొన్న గురువారం జావ కలుపుతుంటే వనజకు కుడి పక్క పడిపోయింది. చెయ్యి సచ్చింది గానీ పిడికిలి తాడును ఇడవలే. చిన్నక్క ఉరికొచ్చి వేళ్లు ఒక్కొక్కటి ఇడిపిచ్చి తాను పట్టుకుంది. డెబ్బై నాలుగేండ్ల చేతులు వణికితే తెర జానెడు జారింది. అంతే, ఎనక నీళ్లు మింగుతున్న గొంతులు. మళ్ల లాగి పట్టింది. వనజ దవాఖానాల తాడు లేకుంట నిద్ర పడతలేదని సైగలతోని గోల చేసి, ఆదివారానికి ఇంటికొచ్చింది.

అదే రోజు మధ్యాహ్నం పద్మప్రియ దిగింది. ఖమ్మంల స్టాఫ్ నర్సు పోస్టు వచ్చింది ఆ పిల్లకు. సోమవారం జాయిన్ కావాలె. ఆ ఊర్లనే ఖానాపురం హవేలి దిక్కు రూము గూడ కిరాయికి మాట్లాడుకుంది.

"వచ్చినవా," అన్నది చిన్నక్క. "అన్నం తిను. తిన్నంక పట్టుకుందువు."

"రేపు జాయినింగ్ అమ్మమ్మా."

"నేనేమన్న పండగకు పిలిచిన్నా నిన్ను? నా చేతులు చూడు."

పక్కింటి రాంబాబు గోడ మీంచి తల పెట్టిండు. "రేపు పోకుంటే పోస్టు క్యాన్సిలా పద్మా?"

"అవ్ బావా. లిస్టుల ఎనకున్నోళ్లకు పోతది."

"నేను పట్టుకుంటా అంటే మీ ఇంటోళ్లు ఇయ్యరాయె."

"పోయినేడు పట్టుకొని గంటకే నెత్తురు కక్కుకుంటివి. మొగోడు బయలెల్లిండు," అన్నది చిన్నక్క.

వనజ మంచం మీద ఏందో అన్నది. మాట తిరుగుతలేదు. పద్మ వంగి చెవి పెట్టింది. పట్టుకోకు అంటున్నది. పట్టుకోకు.

కానీ చిన్నక్క చేతిలకెళ్లి తాడు జారుతనే ఉంది. పద్మ పోయి పట్టుకుంది. తెర గుడ్డ బరువెంత ఉంటది? ఇది మనుషుల బరువు. ఇంతకుముందు ప్రైవేటు దవాఖాన వార్డుల రెండేండ్లు మనుషుల్ని స్ట్రెచర్ మీదికి ఎత్తిన చేతులు గదా, గుర్తుపట్టినయి.

తాడుతోనే మేనేజరు కాడికి పోయింది.

"తాతా, దించమని చెప్పు."

"వాళ్ల వంతు రాలేదమ్మాయి."

"ఎప్పుడొస్తది?"

ఆయన ఎనక్కు తిరిగి పల్లం దిక్కు చూసిండు.

"వార్డుల మనిషి పోతే, ఎవరో ఒకరు బయటికొచ్చి చెప్పాలె తాతా. పేరు చెప్పాలె, టైం చెప్పాలె. చెప్పేదాకా బెంచీల మీద కూసున్నోళ్లు ఏడ్వలేరు, ముద్ద తినలేరు. మా ఇంటోళ్లు గా బెంచీ మీదనే ఉన్నరు."

"నేను చెబితే వాళ్లు పోతారు."

"వాళ్లు ఎప్పుడో పోయిన్రు. నువ్వు చెప్పలే."

"అక్కడ నిలబెట్టింది నేను."

"అవ్. అందుకే నువ్వే చెప్పాలె. ఇంకొకరు చెప్తే నడవది."

ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నడు. అటెన్క లేచిండు. తెర ముందటికొచ్చి, ఖాళీ గడ్డి దిక్కు చేతులు జోడిచ్చిండు. గొంతు గట్టిగనే ఉంది, గోదారి అవతల పడవ కట్టేటోళ్లు తలెత్తిన్రంట.

"నారదుడు, వెంకటనర్సు. ఈత రాదు. మాతంగ కన్య, సుబ్బారాయుడు. పదిహేడేళ్లు. లోహితుడు, చిట్టియ్య. తొమ్మిదేళ్లు. భయమేస్తోంది బాబాయి అన్నాడు. నిలబడమన్నాను."

పేరు పేరుకు పద్మ చేతిల బరువు తగ్గుతుంది. ఎనక గజ్జెల మోత ఒక్కొక్కటి ఆగుతుంది. పద్నాలుగో పేరు అయినంక మేనేజరు ఆగిండు.

"తెర లాగే మనిషి పేరు నాకు తెలియదు," అన్నడు. "ఒక్క ఆటకు పిలిచాం. అడగలేదు."

చిన్నక్క నవ్వింది. నవ్వి, కొంగుతోని మూతి తుడుచుకుంది.

"భీమయ్య," అన్నది పద్మ.

"భీమయ్యా," అన్నడు మేనేజరు. "దించు."

పద్మ వదిలింది.

ఆ తెర మీద ఏముందో బతికున్నోళ్లెవరూ చూడలే. తోట, రెండు నెమళ్లు. ఎండ తగలని రంగులు, నిన్న ఏసినట్టే ఉన్నయి. ఊరంతా వచ్చి నిలబడ్డరు. రాంబాబు ఎనక్కు పోయి చూసొచ్చి, "ఏం లేదు, నేల పచ్చిగుంది" అన్నడు. మేనేజరు తెర అంచున పడిపోయి ఉన్నడు. భీమక్క నీళ్లు తెచ్చి ముఖం మీది రంగు తుడిచింది. ఆ కింది ముఖం ఎవరూ ఎరగరు. ఎవరో మామూలు ముసలాయన. ఆ తెరలనే చుట్టి బొంద పెట్టిన్రు.

తెల్లారి మొదటి బస్సుకు పద్మ బయలెల్లింది. "నెల తిరిగేసరికి అమ్మను తీస్కపోత," అన్నది. వనజ చెయ్యి ఇగ రాదని డాక్టర్లు చెప్పనే చెప్పిన్రు.

హారన్ ఇనపడంగనే వనజ మంచం మీద కదిలింది.

"నీళ్లా?" అన్నది చిన్నక్క.

నీళ్లు కాదంట. మంచం అటు తిప్పమంటుంది. ఇరవై ఆరేండ్లు తెర దిక్కే చూసుకుంట పండుకుంది ఆమె. చిన్నక్క ఒక కోడు, రాంబాబు ఒక కోడు పట్టి, ఈడ్చుకుంట రోడ్డు దిక్కు తిప్పిన్రు. అప్పటికే బస్సు మలుపు దాటింది. లేచిన దుమ్ము ఇంకా కింద పడలే. వనజ దాన్నే చూసుకుంట పండుకుంది.