సినిమాల ఉన్న అవ్వ

నలభై ఏండ్లు దగ్గరపడ్డయి గని లతకు తల్లి మొఖం ఎట్లుంటదో తెల్వది. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. పెండ్లికి ఫోటోలు దించుకునే తాహతు వాళ్లకు ఆనాడు యాడిది? ఉన్నదల్లా ఒక సినిమా.

అవును, సినిమానే! హిందీల తీసింది. లత ఆరు నెలల పిల్లగున్నప్పుడు, తల్లి వెంకటవ్వ సూరత్‌ల ఖటోదరా బట్టల కార్ఖానల దారం బాబిన్లు చుట్టేది. ఒకనాడు ఆ కార్ఖానకు బొంబాయి షూటింగోళ్లు దిగిండ్రు. ప్రేమించుకున్న జంటను నల్ల గ్లౌజుల ఖూనీకోరు తరుముతుంటె, వాళ్లు నడిచే సాంచెల, అంటె మరమగ్గాల, నడుమ నుంచి ఉరికే సీను. కరెంటు సాంచెలు బంద్ చెయ్యొద్దు, పనోళ్లు యాడోళ్లు ఆడనే ఉండాలె అన్నడట డైరెక్టరు. పొద్దుగాల పోయిన వెంకటవ్వ దీపాలు పెట్టే యాళ్లకు ఇల్లు చేరింది. పాలకు ఏడ్చీ ఏడ్చీ పిల్ల గొంతు పోయింది. "సినిమా మోజుల కన్నబిడ్డనే మరిచినవా?" అన్నడు మొగడు లింగమూర్తి; ఆయన అదే కార్ఖానల సాంచె నడిపేటోడు, ఆనాడు రాత్రి పాళీ ఉండి ఇంట్లనే ఉన్నడు. ఆనాటి సంది ఆయన ఆమెతోని మాట్లాడుడే బంద్ చేసిండు. నెల తిరగకముందే కామెర్లొచ్చి ఆమె పానం పోయింది.

సినిమా వచ్చింది, వారమాడి పోయింది; అండ్ల వెంకటవ్వ కనపడ్డదని చూసొచ్చిన పనోళ్లు చెప్పిండ్రు. లింగమూర్తి టాకీసు దిక్కు పోలే. లతను సాకిన మేనత్త వజ్రమ్మకు మాత్రం నోట్లె మాట ఆగకపోయేది. "మీ అవ్వకు నీకంటె సినిమా ఎక్కువైందే" అని యాదికొచ్చినప్పుడల్లా అంటుండె. గా మాట లత గుండెల ముల్లై కూసున్నది. అవ్వ నన్ను నిజంగనే మరిచిందా? తను పిల్లను కన్నంక కూడా లతను ఇడువని ప్రశ్న అదే.

మొన్న బేస్తవారం సూరత్‌ల నవాగామ్ బస్తీల తమ అర్రల లత చీరెల అంచులకు ఎల్లిన దారాలు కత్తిరిస్తున్నది. కాలేజీల చదివే బిడ్డె సంతోషి చెప్పులతోనే లోపటికి ఉరికొచ్చింది.

"మిల్ గయీ మమ్మీ, సినిమా దొరికింది! జల్దీ ఆవ్! ఎవరో పాత క్యాసెట్ కెల్లి నెట్ల ఎక్కించిండ్రు. పసుపు చీరె హీరోయిన్, సాంచెలు, నల్ల గ్లౌజులోడు, అన్నీ ఉన్నయ్!"

లత చేతుల కత్తెర కింద పడ్డది. మూలకు కూసున్న తండ్రి దిక్కు తిరిగి, గొంతు తియ్యకుండ, పెదవులు నిమ్మళంగ కదిలించి చెప్పింది: "బాపూ, అవ్వ సినిమా దొరికింది."

వీళ్లింట్ల మాటలు గిట్లనే ఉంటయి మరి. సాంచెల చప్పుడుల ఎంత ఒర్రినా ఇనపడది. అందుకే ఆడ పనిచేసేటోళ్లు ఒర్రుడే మానేసి, ఉత్త పెదవులతోని మాట్లాడుకుంటరు, ఎదుటోళ్లు చూసి తెలుసుకుంటరు. ముప్పై ఐదేండ్ల చప్పుడుకు లింగమూర్తి చెవులు పోయినయి. లత మాటలు నేర్చిందే తండ్రి పెదవులు చూసి.

ముగ్గురు ఫోన్ చుట్టు కూసున్నరు. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకోని ఉరుకుతుండు, ఎనుక ఖూనీకోరు. కార్ఖాన తలుపు తెరుసుకున్నది. అబ్బ, ఎన్ని సాంచెలు! ఉరికే జంట ఎనుక, బాబిన్ల గంప పక్కన, ఆకుపచ్చ రైక తొడుక్కున్న పడుచుపిల్ల నిలబడ్డది.

"గదే," అన్నడు లింగమూర్తి గట్టిగ. "గదే మా ఎంకటి."

అవ్వంటె ముసలిదనే అనుకున్నది లత ఇన్నేండ్లు. ఈమె చూస్తె సంతోషి ఈడుది! సంతోషి ముక్కే, సంతోషి గదువే. కెమెరా దిక్కే కండ్లు పెట్టి చూస్తున్నది, పెదవులు కదులుతున్నయి. ఆరు సెకన్లు. ఖూనీకోరు అడ్డమొచ్చిండు, సీను మారింది. ఓరి దేవుడా, అవ్వ ఉన్నది, నిజంగ ఉన్నది అని లత రెండు చేతులు జోడించింది.

"ఏమంటున్నదే?" లింగమూర్తి అడిగిండు. కండ్ల నిండ నీళ్లు, ఆయనకు ఏం కనపడుతలేదు. "హీరోతోని మాట్లాడుతున్నదా?"

సంతోషి ఎనుకకు జరిపి పెట్టింది. ఫోన్ల పాట మోగుతున్నది గని లత పెదవులనే చూసింది. మొదటిసారి నమ్మబుద్ధి కాలే. రెండోసారి చూసింది. మూడోసారి కూడా అదే మాట.

"బిడ్డకు పాలియ్యాలె సారూ. ఒక్కసారి ఇంటికి పోనియ్యిండ్రి."

లత ఆ మాటనే గొంతు లేకుండ తండ్రికి చెప్పింది. వెంకటవ్వ కార్ఖాన అలవాటు కొద్దీ ఉత్త పెదవులతోనే అడిగింది. బొంబాయోళ్లకు ఆ ముచ్చట ఏం ఎరుక? పడుచుపిల్ల మంచిగ నటిస్తున్నదనుకున్నరో ఏమో, సీను తీసుకుంట పోయిండ్రు. పొద్దంతా ఎన్నిసార్లు అడిగిందో!

"ఆనాడు మీ అవ్వ ఇంటికొచ్చి చెప్పులు సుత ఇడువకుండనే నిన్ను ఒళ్లెకు తీసుకున్నది," అన్నడు లింగమూర్తి. "నేను కండ్లార చూసిన బిడ్డా. చూసి కూడా అంత మాటన్న."

ఆయన వేలు పోయి ఫోన్ల వెంకటవ్వ చెంపకు తాకింది. వేలు తాకంగనే ఫోన్ల బొమ్మ ఆగిపోయింది. ఇగ ఆమె యాడికీ పోలే, ఆయన దిక్కే చూస్తున్నది.

లింగమూర్తి మొఖం దగ్గరికి వంచిండు. గొంతు తియ్యలే. ఆయన పెదవులు కదిలినయి, సాంచెల నడుమ ఆమెతోని మాట్లాడినట్టే. లత సదివింది.

"పోవే ఎంకటీ. పని నేను చూసుకుంట. ఇంటికి పో, బిడ్డ ఏడుస్తున్నది."