బడి గేటుకు వేసిన తాళం

నేను ఒక తాళం కప్పను. పైన ఇత్తడి రంగు చూసి మోసపోవద్దు, లోపలంతా ఇనుమే. నన్ను చేసినవాడు నాతోపాటు మూడు తాళంచెవులు చేశాడు, ఒక్కటీ నాకివ్వలేదు. మూసేవాళ్ళ బతుకంతే. గొలుసుకు అవతల మనుషులు ఇరుక్కుంటారు. నేను గొలుసులోనే ఇరుక్కుంటాను.

మొదట ఒక పత్తి మిల్లు గేటుకు వేలాడాను. మధ్యాహ్నం ఆడకూలీలు చంటిపిల్లలకు పాలివ్వడానికి ఇంటికి పోతారని నన్ను బిగించేవాళ్ళు. మిల్లు మూతపడ్డాక కాపలాదారు నన్ను ఈ ఊరి బడికిచ్చాడు. నాకు పెద్ద తేడా కనబడలేదు. అక్కడా గంట, ఇక్కడా గంట.

జూన్‌లో బడి తెరిచారు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళు చలికాలంలోనే సుగ్గికి పోతాయి. అంటే మిరపకాయలు కోసే కూలికి గుంటూరు వైపు, పిల్లాజెల్లాతో సహా. నెలల తరబడి చేలల్లో తిరిగిన పిల్లలు ఒక్కసారిగా గోడల మధ్య కూర్చోలేరు, లేచి గేటు దగ్గరికొస్తారు. హెడ్మాస్టరు మద్దిలేటి సారుకు తెలిసిన మందు నేనే. వారం రోజులు తాళం పడితే వాళ్ళే అలవాటు పడతారని టీచర్లకు చెప్పేవాడు. చెడ్డవాడు కాదు, పలకలు సొంత డబ్బుతో కొంటాడు. కానీ మంచివాళ్ళు వేసినా తాళం తాళమే.

నాలుగో తరగతి ఈరమ్మ ప్రతి ఇంటర్వెల్‌కూ వచ్చి ఊచలు పట్టుకునేది. ఇది తిరుగుడు మరిగిందన్నారు టీచర్లు. ఎందుకని అడిగింది వంటచేసే హనుమక్క ఒక్కతే. చేలో తమ్ముణ్ణి చూసుకునేది ఈరమ్మే. ఒక మధ్యాహ్నం ఈ పిల్ల కునుకు తీస్తే ఆ రెండేళ్ళవాడు ఎండబోసిన మిరపకాయల్లోకి పోయి, ఆ చేత్తోనే కళ్ళు నులుముకున్నాడు. రెండు రోజులు కళ్ళు తెరవలేదు. ఇప్పుడు వాడు చూపు ఆనని అవ్వ దగ్గరున్నాడు. ఇక ఈ పిల్ల కంటికి నల్లబోర్డు ఎట్లా ఆనుతుంది? పైగా బడిలో నిలవకపోతే వచ్చే సుగ్గికి మళ్ళీ వాణ్ణి ఎత్తుకోవడానికి తీసుకుపోతానని నాన్న అప్పుడే అనేశాడు.

"ఒకతూరి చూసొస్తా సార్" అని అడిగింది.

"పోతే మళ్ళా వస్తావా నువ్వు?" అన్నాడు సారు, నన్ను ఒకసారి లాగి చూసుకుని.

ఆరో రోజు వాన. నా కడుపులోకి నీళ్ళు దిగాయి. మూడింటికి సారుకు ఫోను వచ్చింది. ఆయన కూతుర్ని ఆ రోజే పట్నంలో ఎల్కేజీలో వేశారు. పొద్దుటినుంచి ఏడుపు ఆపలేదట, వచ్చి తీసుకుపొమ్మన్నారు. సారు పరుగున వచ్చి నాలో తాళంచెవి పెట్టి తిప్పాడు. నేను కదల్లేదు. కావాలనే చేశానని చెప్పుకోవాలనుంది, కానీ అబద్ధం. తుప్పు పట్టింది, అంతే. ఇంకా గట్టిగా తిప్పితే చెవి విరిగి సగం నాలోనే ఉండిపోయింది. గోడల మీద గాజుపెంకులు. అవి పెట్టించిందీ ఆయనే. వెల్డింగు చేసే అతను రంపం తెచ్చేదాకా, అరగంట, సారు ఊచలు పట్టుకుని ఊపాడు, అరిచాడు, చివరికి నుదురు ఆనించి నిలబడిపోయాడు.

పక్కనే, రోజూ నిలబడే చోటే, ఈరమ్మ ఉంది. గొంతులో ఎగతాళి లేదు.

"నాకు గూడా ఇట్లనే ఉంటాది సార్" అంది.

రంపం నా కొక్కెం కోసేసింది.

మర్నాడు గేటు బార్లా తెరిచి ఉంది. ఇంటర్వెల్‌లో సారే ఈరమ్మను పిలిచి, ఇంటికి పోయి చూసి రమ్మన్నాడు. పిల్ల పరుగెత్తింది. గంట కొట్టారు. రాలేదు. సారు గేటు దగ్గర అటూ ఇటూ తిరిగాడు.

"ఇంగో కప్ప కొనుక్కరమ్మంటావా సార్?" అంది హనుమక్క, బియ్యంలో రాళ్ళేరుతూ.

అప్పుడొచ్చింది, చంకలో తమ్ముడితో. వాణ్ణి హనుమక్క పక్కన దించి, "వీడు ఈడుంటే నేను యాడికీ పోను" అంది. సారు తరగతి వైపు చెయ్యి చూపించాడు. పోయి కిటికీ పక్కన కూర్చుంది, వాడు కనబడే చోట.

నన్ను పారేయలేదు. కాగితాలు ఎగిరిపోకుండా హాజరుపట్టీ మీద బరువుగా పెట్టారు. విరిగిన చెవి ఇంకా కడుపులోనే ఉంది. ఎదురుగా గేటు తెరిచే ఉంది, పోవడానికి నాకు కాళ్ళు లేవు. పొద్దున్నే సారు నన్ను పక్కకు జరిపి పేర్లు పిలుస్తాడు.

"ఉన్నా సార్" అంటుంది ఈరమ్మ.

ఆ ఉండటం నేను పట్టి ఉంచింది కాదు.