కప్పెడు చెక్కన్నం

నేను ఒక అన్నం ముద్దను. నోరూరించుకోకండి, పళ్ళు విరుగుతాయి. నన్ను కొండపల్లిలో పొణికి కర్రతో చేశారు.

ఆహారం మీద పరిశోధన చేసే ఒక వైద్య కళాశాలవాళ్ళు బొమ్మల కోటయ్య దగ్గరకు వచ్చి, ఇడ్లీ, పూరీ, కోడికాలు, కప్పెడు అన్నం చెక్కి పెట్టమని అడిగినప్పుడు ఆయన చాలాసేపు నవ్వాడు.

“దశావతారాలు చేసిన చేత్తో అన్నం చెయ్యమంటారేంటండీ?” అన్నాడు.

లోపలినుంచి ఆయన భార్య, “అవతారాలు చేసి చేసి ఇంట్లో అన్నానికే కరువొచ్చింది. ఒప్పుకో” అంది. వేడన్నం కప్పులోకి నొక్కి, పళ్ళెంలో బోర్లించి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చూసి చెక్కాడు, చూసి చెక్కాడు, చివరికి ఆకలేసి చూసేదాన్ని కాస్తా తినేశాడు. అందుకే నా ముందువైపు మెతుకులు అసలైనవాటిలా ఉంటాయి, వెనకవైపు ఊహించి చెక్కినట్టుంటాయి. సుద్ద పూసి ఆరబెట్టేసరికి మల్లెపువ్వులా తయారయ్యాను. నమ్మితే నమ్మండి, డబ్బు తెచ్చిన గుమాస్తా ఎవరూ చూడకుండా మా కోడికాలిని కొరికాడు. ఆ పంటిగాటు ఇంకా ఉంది.

మమ్మల్నందరినీ ఒక రేకుపెట్టెలో పెట్టి ఊళ్ళు తిప్పారు. నన్ను చూపించి, “నిన్న రాత్రి ఇలాంటివి ఎన్ని తిన్నారు?” అని అడగడం వాళ్ళ పని. మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. కుర్చీలో పట్టనివాళ్ళు “ఒకటండీ, అదీ పూర్తిగా తినలేదు” అనేవాళ్ళు. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నవాళ్ళు “నాలుగు తిన్నామండీ, మాకేం తక్కువ?” అనేవాళ్ళు. ఉన్నవాడు దాస్తాడు, లేనివాడు పెంచి చెబుతాడు. మధ్యలో నిజం మాత్రం నాలాగే చెక్కలా కూర్చునుండేది. ఇంకో ముచ్చట. మితంగా తినాలని ఒకసారి పెద్ద సభ పెట్టారు. పొద్దున్నంతా ఉపన్యాసాలు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ఉపన్యాసకులు ఒకరినొకరు తోసుకున్న తీరు చూసి మా ఇడ్లీ సిగ్గుతో పెట్టె అడుగుకు దొర్లిపోయింది.

అలా తిరిగి తిరిగి ప్రసూన చేతికి వచ్చాను. ఆ పిల్ల పరిశోధన చేస్తున్న విద్యార్థిని. గోదావరి పాయ పక్కన పొన్నలంక అనే ఊళ్ళో, మనుషుల బరువూ షుగరూ ఎందుకంత పెరుగుతున్నాయో చూడడానికి వచ్చింది. అక్కడ షుగరుతో ఆవిడకు దొరికిన మొదటి మనిషి ముత్యాలరావు.

ముత్యాలరావు పడుచుదనంలో కొబ్బరికాయలు ఒలిచేవాడు. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి ఒక్క తిప్పు తిప్పితే పీచు ఊడి పడేది. ఆయన ఒలుస్తుంటే ఆ ఊపుకి గోదావరి ఎదురు పారేదని ఊళ్ళో చెబుతారు. నేను చూడలేదు కాబట్టి కాదనను. అంత పని చేసిన మనిషి కంచం నిండా అన్నం, మళ్ళీ మారు వడ్డన, ఆపైన మజ్జిగలోకి ఇంకొంచెం తినేవాడు. అరిగిపోయేది. తర్వాత సొంతంగా కొబ్బరి వ్యాపారం పెట్టాడు. ఒలిచేది కూలీలు, కుర్చీలో కూర్చునేది ఈయన. పని మారింది. కంచం మారలేదు.

మారనిచ్చేది కాదు ఆయన తల్లి అచ్చియ్యమ్మ. ఆవిడ భర్తకు షుగరు ముదిరి కాలు తీసేశారు. ఆఖరి రోజుల్లో ఆయన “కాస్త అన్నం పెట్టవే” అని అడిగితే, డాక్టర్లు వద్దన్నారని ఆవిడ పెట్టలేదు. మర్నాడు పోయాడు. ఆకలితో పంపించానన్న దిగులు ఆవిడ గుండెల్లో ఉండిపోయింది. అప్పటినుంచి కొడుక్కి ఆవిడే వడ్డించేది. కోడలు నూకరత్నాన్ని గరిటె ముట్టనిచ్చేది కాదు. కొడుకు చాలమ్మా అంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అందుకని కొడుకూ చాలనేవాడు కాదు.

ఆ రోజు ముత్యాలరావు ఇంటిముందు కొబ్బరి కళ్ళంలో ఊరివాళ్ళు నలుగురూ చేరారు. ప్రసూన పీట వేసి, అరటాకు పరిచి, ఆకు మధ్యలో నన్ను బోర్లించింది.

“బాబాయిగారూ, పూటకి ఇంత అన్నం చాలండి. మిగతా ఆకంతా కూరలూ పప్పూ వేసుకోండి.”

ముత్యాలరావు నన్ను అటూ ఇటూ చూశాడు. “ఇది నాకాండీ, మా పిల్లికాండీ?”

అందరూ నవ్వారు. అచ్చియ్యమ్మ నవ్వలేదు. ఆకు మీద, కొడుకు ఎదుట, ఒంటరిగా తెల్లటి ముద్ద. తండ్రి పదోరోజున ఇదే కొడుకు, ఇలాంటి ఆకులోనే, ఇలాంటి ముద్దే పెట్టాడు. ఆవిడ ముఖం పాలిపోతుండడం నేను చూశాను. అయినా చెక్కముద్దను, నేనేం చెయ్యగలను?

సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి వాలింది. జనాన్ని లెక్కచెయ్యకుండా టక్కున నన్ను పొడిచింది. కోటయ్య పనితనం అలాంటిది మరి. ఒక మెతుకు ఎగిరిపోయింది. దాని ముక్కు వంకర తిరిగిందనీ, ఆ కాకి ఇప్పటికీ పక్కనుంచి తింటుందనీ పొన్నలంకలో అంటారు.

ఎవరూ నవ్వలేదు.

“అయ్యో, అయ్యో! బతికున్నోడికి పిండం ఎట్టేసిందిరా! కాకి కూడా ముట్టేసింది!” అని అచ్చియ్యమ్మ నెత్తి కొట్టుకుంది. నన్ను తీసి పీచుకుప్పలోకి విసిరింది. “ఎల్లమ్మా, ఎల్లు. నీ సదువుకో దండం. ఇంకోసారి నా గడప తొక్కావంటే మర్యాద దక్కదు.”

ప్రసూన చేతులు జోడించి ఏదో చెప్పబోయింది. చివరికి నన్ను పీచులోనే వదిలేసి, రేకుపెట్టె మూసుకుని వెళ్ళిపోయింది. తిరిగి వెళ్ళాక ఆవిడ కాగితాల్లో ఆ ఇంటి ఎదురుగా ‘సహకరించలేదు’ అని రాసుకునే ఉంటుంది. వేరే ఏం రాస్తుంది?

ఆనాటినుంచి కీడు పోవాలని అచ్చియ్యమ్మ కొడుక్కి ఇంకాస్త ఎక్కువ పెట్టింది. దిష్టి తీసి మరీ పెట్టింది. నేను పీచులో కూరుకుపోయి వంటింటి చప్పుళ్ళు వింటుండేదాన్ని. గరిటె కంచానికి తగిలిన చప్పుడు ఎన్నిసార్లో.

ఇలా ఉండగా, ఒలుపు గునపం ముత్యాలరావు కాలివేలికి గీసుకుంది. నొప్పి లేదు. షుగరు ఉన్న కాలికి నొప్పి తెలియదట. వేలు నల్లబడ్డాక అమలాపురం తీసుకెళ్ళారు. వేలు తీసేసి పంపుతూ అక్కడి డాక్టరు, మందులొక్కటే సరిపోవనీ, తిండి మారకపోతే పుండు మానదనీ, తరవాత తీసేది పాదమనీ చెప్పాడట.

ఇంటికి వచ్చిన రోజే నూకరత్నం పీచుకుప్పలో చెయ్యిపెట్టి వెతకడం మొదలెట్టింది. అవతల పీచు ఎత్తడానికి లారీ వచ్చి ఉంది. కూలీలు సగం కుప్ప ఎత్తేశారు కూడా. ఇంకో రెండు తట్టలైతే నేనూ ఏ తాడులోనో పేనుకుపోయేదాన్ని. ఆవిడ వేలికి తగిలాను. కొంగుతో తుడిచి, తిన్నగా వంటింట్లోకి తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

“దీన్నెందుకు తెచ్చావే? అవతల పారెయ్!” అని అచ్చియ్యమ్మ వెనక్కి జరిగింది.

“అత్తా, ఒకమాట సెప్పు. ఆవేళ కాకి రూపంలో వొచ్చింది ఎవరు?”

“ఎవరేటి?”

“పితృదేవతలే కాకై వొత్తారని నువ్వే గదా అంటావు. మన ఇంట్లో పోయింది ఎవరు? ఎదర ఎంతమంది ఉన్నా లెక్కసెయ్యకుండా అన్నం మీద దూకే అలవాటు ఎవరిది?”

అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. నవ్వు వచ్చింది, నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది. “ఆయనదే. పెళ్ళిపందిట్లో కూడా పీట మీంచి లేచెళ్ళిపోయాడే బాబూ, గారెల వాసనొచ్చిందని.”

“మావయ్య తన కొడుకు సావు కోరతారా?”

“ఛీ, అదేం మాటే!”

“మరింకేం? కొడుక్కి ఎంత పెట్టాలో సూపిద్దారని వొచ్చారు. ఇదిగో, ఇంతని ముట్టి సూపించారు. మనకే అర్థం కాలేదు.”

అచ్చియ్యమ్మ మొదటిసారి నన్ను చేతిలోకి తీసుకుంది. కాకి పొడిచిన చోట బొటనవేలితో తడిమింది. “ఇంతేనా?” అని అడిగింది. నన్నో, భర్తనో, నాకు తెలియదు. “ఇంత పెడితే ఆకలేత్తాదే వాడికి.”

“ఏత్తాది అత్తా. కాలు ఉంటాది.”

మధ్యాహ్నం ముత్యాలరావు కట్టుకట్టిన కాలు చాపుకుని పీట మీద కూర్చున్నాడు. నూకరత్నం గరిటె అందుకోబోతే అచ్చియ్యమ్మ ఇవ్వలేదు. తనే వడ్డించింది. కంచం అంచున నన్ను పెట్టుకుని, నా అంతే అన్నం పెట్టి, మధ్యలో వేలితో గుంట చేసి పప్పు పోసింది. పిండానికి ఎవరూ పప్పుగుంట చెయ్యరు. కంచంలో మిగిలిన చోటంతా తోటకూరా, బీరకాయా, చేపముక్కా సర్దింది.

కొడుకు నన్నూ చూశాడు, తల్లినీ చూశాడు. మెతుకు వదలకుండా తిన్నాడు. తినడం అయిపోయింది. అలవాటు కొద్దీ కంచం ముందుకు జరిపి తలెత్తాడు.

అచ్చియ్యమ్మ చెయ్యి గిన్నె వైపు వెళ్ళింది. గిన్నెలో సగానికి పైగా అన్నం ఉంది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగింది. అన్నం అడిగిన మనిషి ఒకడు మర్నాటికి లేకుండా పోవడం చూసిన చెయ్యి అది. ఆవిడ మూత అందుకుని గిన్నె మీద పెట్టింది.

“అయిపోయింది నాన్నా” అంది.

మూత పక్కనుంచి ఆవిరి వస్తూనే ఉంది. ముత్యాలరావు దాన్ని చూశాడు.

“నాకూ నిండిపోయిందమ్మా” అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

పుండు మానడానికి ఒక వానాకాలం పట్టింది. పాదం దక్కింది. నేను ఇప్పటికీ ఆ వంటింటి గూట్లోనే ఉన్నాను. నా సుద్ద పసుపురంగుకు తిరిగింది. పూట పూటకీ ఆవిడ అయిపోయిందంటుంది, ఆయన నిండిపోయిందంటాడు. ఆ ఇంట్లో ఉన్న మూడు అబద్ధాలలో చెక్కతో చేసింది నేనొక్కదాన్నే.