నిన్నటి నీళ్లు

ఎరలాయన డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి ముంచి, వేళ్లు దగ్గరగా మూసి పైకి తీశాడు. అరచేతిలో, గాలానికి ఎరగా అమ్మే చూపుడువేలంత చేపపిల్లలు మూడు ఎగిరెగిరి పడుతున్నాయి. రెండింటిని వదిలేసి, అన్నిటికన్నా హుషారైనదాన్ని పక్కనున్న ఆకుపచ్చ డబ్బాలో వేశాడు. దాంతో పన్నెండయ్యాయి. ఆ పన్నెండూ అమ్మకానికి కావు, అక్క మొగుడికి. బావ వాటిని తీసుకుని మూడేళ్లయింది. అయినా రోజూ పొద్దున్నే ఏరి పెట్టడం, సాయంత్రం మళ్లీ డ్రమ్ములో ఒంపేయడం ఎరలాయన మానలేదు.

కొట్టంటే రేవు మెట్ల పక్కన నాలుగు రేకులు, బుడబుడమంటూ గాలి ఊదే మోటారు, రెండు నీలం డ్రమ్ములు. ఒకదాంట్లో చేపలు, రెండోదాంట్లో ఒట్టి నీళ్లు. రేవులో నీళ్ల మీద పడవల నూనె తెట్టె కడుతుంది కాబట్టి కుళాయి నీళ్లే గతి. వాటిని ఒక రోజంతా మూత తీసి ఉంచితేగాని అందులోని క్లోరిన్ మందు ఘాటు పోదు. అప్పుడే పట్టిన నీళ్లలో వేస్తే చేపపిల్లలు అరగంటలో వెల్లకిలా తేలతాయి. ఈ కిటుకు నేర్పింది బావే.

"మామా, నిన్నటివి నీరసంగా ఉన్నాయే!" అంటూ వచ్చాడు టైలరు.

"నీరసం కాదురా, నీ మొహం చూసి నిద్రపోయుంటాయి."

టైలరు నవ్వుకుంటూ ఒక చేపపిల్లకి గాలం గుచ్చబోయాడు. ఎరలాయన చేయి అడ్డం పెట్టాడు.

"ఒరేయ్, గుండీ కుడుతున్నావా? వీపు మీది రెక్క కింద, పైతోలు మాత్రం పట్టుకుని గుచ్చు. వెన్నులో దిగిందా, ఇక అది ఈదదు. ఈదని ఎరని ఏ చేపా నమ్మదు."

టైలరు కళ్లు ఆకుపచ్చ డబ్బా మీద పడ్డాయి. "ఇవాళైనా ఇస్తావా మీ బావకి?"

"ఇవాళ ఇస్తాలేరా," అన్నాడు ఎరలాయన. ఈసారి ఎకసెక్కం ఆడలేదు.

రేవు చివర బావ కూర్చునే రాయి నాలుగు రోజులుగా ఖాళీగా ఉంది. ఎరలాయన దగ్గర కొనడం మానేశాక, బావ ఆ రాయి మీద కూర్చుని పిండి ముద్దలతోనే గాలం వేసేవాడు. నిన్న అక్క ఫోను చేసింది. "ఆయన మంచం దిగట్లేదురా. నువ్వొచ్చి ఏదో ఒకటి వాగు, నవ్వుతారేమో." "రేపొస్తానక్కా" అన్నాడు ఎరలాయన.

మూడేళ్ల కిందట చేపల పోటీ రోజున తను చేసింది వేళాకోళమే. బావ సొట్ట డబ్బాలోని నీళ్లు పారబోసి, అప్పుడే పట్టిన కుళాయి నీళ్లు పోసి, అందులో ఎరలు వేసిచ్చాడు. చేపలు తేలగానే బావ తిట్టుకుంటూ పరిగెత్తుకొస్తాడు, రేకు వెనక దాచిన మంచి డబ్బా తీసి ఇద్దామనుకున్నాడు. ఈలోగా జనం మీద పడ్డారు. చేతులు ఎరల్లో, నోరు కబుర్లలో, బావ సంగతి మర్చేపోయాడు. అటు బావ మాత్రం ఒడ్డు వదిలి రాలేదు. గంట తర్వాత మైకులో వినబడింది: "పెద్దాయన చచ్చిన ఎరలతో పోటీకొచ్చారండోయ్!" ఒడ్డంతా నవ్వింది. ఎరలాయన మంచి డబ్బా పట్టుకుని పరిగెత్తేసరికి బావ గాలం చుట్టేస్తున్నాడు.

"నవ్వుకున్నావుగా. చాలు." బావ తనతో అన్న ఆఖరి మాట అదే.

'తప్పయింది బావా' అనడానికి ఎంతసేపు? కానీ ఎరలాయన నాలుక పుట్టి బుద్ధెరిగి ఆ మాట పలకలేదు. నోరు తెరిస్తే వెటకారమే వస్తుంది. అందుకే ఇవాళ డ్రమ్ము కడుగుతూ, వల బాగుచేస్తూ సాధన చేశాడు. తప్పయింది బావా. తప్పయింది. పొద్దున్నే వెళ్లొచ్చు. కానీ ఒక బేరం వచ్చింది, తర్వాత ఇంకోటి. వచ్చిన ప్రతివాడూ తను వెళ్లకుండా ఉండటానికి ఒక వంకై కూర్చున్నాడు. మూడింటికి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, డబ్బా తొణక్కుండా పట్టుకుని బయల్దేరాడు.

అక్క ఇంటి గుమ్మం ముందు చాలా జతల చెప్పులున్నాయి.

అక్క తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది. "పన్నెండింటికి మంచినీళ్లడిగారురా. తెచ్చేలోపే... నీకెన్నిసార్లు ఫోను చేశాను!"

ఫోను మోటారు పక్కన అలమరలో ఉంది. ఆ బుడబుడలో వినబడలేదు. ఎరలాయన లోపలికి వెళ్లి బావ కాళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చేతిలో డబ్బా సంగతి ఎవరో గుర్తుచేస్తే, పెట్టొద్దామని పెరట్లోకి నడిచాడు.

కుళాయి పక్కన సొట్ట డబ్బా. నిండా నీళ్లు. మూత తీసి, దుమ్ము పడకుండా పైన జల్లెడ బోర్లించి ఉంది.

"ఇదేంటక్కా?"

వెనకే వచ్చిన అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "రోజూ సాయంత్రం పాతవి పారబోసి కొత్తవి పడతారురా. పిండి ముద్దలకి నీళ్లెందుకండీ అంటే, 'వాడు చెప్పి రాడు, ఎప్పుడో ఊడిపడతాడు, నీళ్లు సిద్ధంగా ఉండాలి' అనేవారు. నిన్న లేవలేక నాచేత పట్టించారు."

ఎరలాయన గొంతుక్కూర్చుని జల్లెడ తీశాడు. ఆకుపచ్చ డబ్బా మెల్లగా ఒంచాడు. అరగంట దాటినా ఒక్కటీ తేలలేదు. నిన్నటి నీళ్లలో, సొట్ట దగ్గరికొచ్చినప్పుడు కాస్త పక్కకి తప్పుకుంటూ, పన్నెండు చేపపిల్లలూ డబ్బా గోడ వెంబడి గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.