కుడివైపు తలుపు

మావారు జయరామ్ ఆ అమెరికన్ కారును నా పదవీ విరమణకు కానుకగా కొన్నారు. ప్రభుత్వ పత్రమైన గెరాన్‌లో యజమానిగా నా పేరే ఉంది. కానుకగా వచ్చిన ఆ కారులో నేను ఒక్కసారైనా ప్రయాణించలేదు. తరువాత జరిగినదానికంతటికీ మూలం అదే.

పైకప్పు వెనక్కి మడిచే పాతకాలపు కారు అది. కొన్ననాటికి తుప్పు పట్టి ఉంది. బంటింగ్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, ఆదివారాలు మేముండే క్లాంగ్‌ నుంచి వెళ్ళి బాగుచేయించేవారు. నేనూ వస్తానంటే ఆయన సమాధానం ఎప్పుడూ ఒకటే, చివర ఇక్కడివాళ్ళ మాటతీరులో 'లా' తగిలించి.

"రంగు పూర్తవనీ పుష్పా. మొదటి సవారీ నీదే లా!"

ఇంజను బాగుపడింది, సీట్లు అమరాయి, ముందుభాగానికి లేతనీలం రంగు పడింది. వెనుక సగం ఇంకా బూడిదరంగు ప్రైమరుతోనే ఉండగా ఆయన చూపు మందగించింది. వైద్యుడు కారు నడపవద్దన్నాడు. అందుచేత అమ్మకానికి పెట్టి, లారీ మీద మా ఇంటి ముంగిట దింపించారు.

ఆ రోజు నేను అలవాటు కొద్దీ ఎడమవైపుకు నడిచాను. తలుపు తీస్తే ఎదురుగా స్టీరింగు ఉంది. ఆయన పకపకా నవ్వారు.

"అది నా సీటు! అమెరికా కారు గదా, నువ్వు అటేపు ఎక్కాల."

స్టీరింగు కుడివైపు ఉండే ఈ దేశంలో పుట్టి పెరిగిన వారెవరైనా చేసే పొరపాటే అది. కారు చూడడానికి జంటగా వచ్చినవారిలో ప్రతి భార్యా ఎడమవైపుకే వెళ్ళింది, ప్రతిసారీ ఆయన నవ్వారు.

శనివారం ఉదయం, "బంటింగ్‌ నుంచి ఎవరో వస్తారంట," అన్నారు. వచ్చినామె పేరు భార్గవి, నలభై దాటి ఉండదు. జడలో మల్లెలు, చేతిసంచిలో నిమ్మకాయలు. కొత్తగా కొన్న బండి బయలుదేరే ముందు చక్రాల కింద పెట్టి తొక్కించడానికి తెచ్చుకుంది. బేరం తెగకముందే అంత ధీమా ఎక్కడిదని నాకు తోచింది.

ఆమె మాతో మాట్లాడుతూనే, కారు వైపు చూడనైనా చూడకుండా, కుడివైపుకు వెళ్ళింది. తలుపు పిడిని కొద్దిగా పైకెత్తి లాగింది. అలా ఎత్తకపోతే అది తెరుచుకోదు. ఎక్కి, సీటును వెనక్కి జరుపుకోకుండానే కాళ్ళు చాపుకుంది. ఆ సీటు అప్పటికే ఆమె కాళ్ళ పొడవుకు సరిపోయి ఉంది.

ఈసారి మావారు నవ్వలేదు.

"ఎన్నిసార్లు ఎక్కినావమ్మా?" అన్నాను.

"లెక్కేటి అక్కా! మా కొట్టు షెడ్డు పక్కనే గదా. మోరిబ్ సముద్రం దాకా పోయొచ్చేవోళ్ళం. అన్న నీకు సెప్పనేదేటి?"

ఆ 'అన్న' నాకు ఏ ఊరటా ఇవ్వలేదు. సముద్రపు గాలికి ఆ మల్లెలు ఎటు ఊగి ఉంటాయో నా కళ్ళకు కట్టింది.

"ఇంజను పరీచ్చ సెయ్యాల గదా పుష్పా," అన్నారు ఆయన, నేల చూస్తూ. "పక్కన ఒక మనిషి బరువుండాల."

"నాకు బరువు లేదనా?"

భార్గవి మా ఇద్దరినీ చూసి, చిరునవ్వు తగ్గించుకుని, కారు దిగింది.

"ధర కాడ పేచీ నేదక్కా. సోమారం బండి పేరు మార్సే జేపీజే ఆఫీసుకొచ్చి వేలిముద్ర ఏసినారంటే సాలు."

"ఎవరి వేలు?"

"గెరాన్‌లో ఎవురి పేరుంటే ఆళ్ళది."

"అయితే నాది. నేను వెయ్యను. ఆ నిమ్మకాయలు ఇక్కడే పెట్టి వెళ్ళమ్మా."

"పుష్పా, బండి తుప్పట్టిపోద్ది," అన్నారు ఆయన.

"పట్టనివ్వండి."

ఆమె వెళ్ళాక నిమ్మకాయలను నా చేతులతోనే నాలుగు చక్రాల కిందా పెట్టాను. పిడిని కొద్దిగా పైకెత్తి కుడివైపు తలుపు తీశాను. ఎక్కి, సీటును నా కాళ్ళకు తగినట్టు ముందుకు జరుపుకున్నాను. చాలాకాలంగా ఒకేచోట నిలిచినందున అది కిర్రుమని మొరాయించింది, తరువాత లొంగింది.

"రండి, కూర్చోండి," అన్నాను. ఆయన వచ్చి ఎడమవైపు కూర్చుని స్టీరింగు పట్టుకున్నారు.

ఇప్పుడు సాయంత్రాలు మేమిద్దరం అలాగే కూర్చుంటున్నాము. ప్రైమరు మీద తుప్పు చుక్కలు కనబడుతున్నాయి. నిమ్మకాయలు నలగకుండానే ఎండి నల్లబడ్డాయి. కారు ఎక్కడికీ వెళ్ళదు, ఆయన కూడా.