బావగారి పనిముట్లు

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఆదివారం వస్తున్నారంటే నేను ముందు గరిటెలు దాచేస్తాను. ఎవరైనా బంగారం దాచుకుంటారు. నా ఖర్మకి గరిటెలు.

బావగారు కాపలా మనుషుల్ని పంపే ఏజెన్సీలో తుపాకులు బాగుచేస్తారు. ఆ ఏజెన్సీకి వర్క్‌షాపు లేదు, పనిముట్లు కొనే ఉద్దేశమూ లేదు. “నీ బుర్ర ఉండగా పనిముట్లెందుకయ్యా” అని ఓనరు ఒకసారి భుజం తట్టాడట. ఆ పొగడ్తకి బావగారు ఎగరేసిన భుజం ఇప్పటికీ కిందికి దిగలేదు. సొంతింట్లో మా తోడికోడలు తుపాకీని గుమ్మం దాటనివ్వదు కాబట్టి ఆ బుర్రంతా మా భోజనాల బల్ల మీదే పనిచేస్తుంది.

పంపు తుపాకీ అంటే గొట్టం కింద ఉన్న పిడిని వెనక్కి లాగి ముందుకి తోస్తే తూటా ఎక్కే రకం. ఆ పిడి లోపలి నట్టు విప్పడానికి ప్రత్యేకమైన రెంచి ఉంటుందట. బావగారు నా పప్పు గరిటె కొసకి రెండు పళ్ళు కోసి రెంచి చేశారు. కూరగాయలు తరిగే చెక్కకి రెండు బెజ్జాలు వేశారు, తుపాకీ భాగాల్ని బిగించే పిన్నులు తోస్తే కిందికి దిగడానికి. ఇప్పటికీ నేను మిరపకాయలు తరిగితే గింజలు ఆ బెజ్జాల్లోంచి గట్టు మీద పడతాయి. జిడ్డు చేతులు కర్టెనుకి తుడిచి, అదే చేత్తో కంచం ముందు కూర్చుని, “అమ్మాయ్, కూర ఇంకొంచెం వెయ్” అంటారు. వేస్తాను. నా కంచం మాత్రం వంటింట్లోకి పట్టుకుపోతాను.

చేత్తో చేసుకున్న పనిముట్టంటే నాకు చిన్నచూపు లేదు. నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను, నాకంటూ ఒక షాపుంది, వెనక మంచం పట్టేంత గది ఉంది. సైకిలు పుల్ల సాగగొట్టి స్క్రూడ్రైవరు చేసుకున్నదాన్ని. నాకు పని నేర్పిన మేస్త్రి మొదటిరోజు చెప్పింది ఒకటే. పనిముట్టు పట్టకపోతే పనిముట్టుని అరగదియ్యి, పార్టు జోలికి వెళ్ళకు. ఆ ఒక్క మాట తప్పినందుకు నా ముందే ఒకణ్ణి షాపులోంచి గెంటేశాడు.

ఆ ఆదివారం ఒక టైలరు మిషను అర్జంటంటే షాపుకెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి బల్ల మీద తుపాకీ బిగించేసి ఉంది. మా తమ్ముడు ఆ ఏజెన్సీ యూనిఫాంలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ తుపాకీ వాడిదే. ట్రిగ్గరు భాగంలో ఏదో అరిగిపోతే బావగారు కొత్తది వేశారు, పొద్దున్నే వాడు దాంతో బ్యాంకు తలుపు దగ్గర నిలబడాలి. వాడికి ఆ ఉద్యోగం ఇప్పించిందీ బావగారే. ఆ సంగతి వారానికోసారి గుర్తుచేస్తూనే ఉంటారు.

“చూశావా అమ్మాయ్,” అని వేలెడంత ఇత్తడి పుల్ల చూపించారు. కిటికీ గడియలోంచి తీసిందట. “పిన్నులు తోయడానికి ఇది చేశాను. ఇత్తడి మెత్తన. ఉక్కు మీద గీత పడదు. కంపెనీ వాడికి కూడా ఈ ఐడియా రాదు.”

నా కిటికీ గడియ అని గొణుక్కుంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

వాష్‌బేసిను పక్కన గ్లాసులో రెండు బ్రష్‌లుంటాయి. ఎర్రది నాది, ఆకుపచ్చది మా ఆయనది. ఆకుపచ్చదాని కుచ్చు నల్లగా జిడ్డు కారుతోంది. వాసన చూస్తే తుపాకీ నూనె. పళ్ళు తోముకునే బ్రష్‌తో తుపాకీ తోమడం ఒక ఎత్తు. పారేస్తే పోనీ అనుకునేదాన్ని. దాన్ని తీసుకొచ్చి, కుచ్చు పైకి ఉండేలా, ఏమీ ఎరగనట్టు బావగారు మళ్ళీ గ్లాసులో పెట్టడం ఇంకో ఎత్తు.

రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాను. దీపం కింద కుచ్చులో ఏదో మెరిసింది. అరగదీసిన పొడి. రంగు చూస్తే ఇత్తడిలా లేదు, బూడిదలా ఉంది. కింద పడ్డ సూదులు ఏరడానికి నా సంచిలో ఎప్పుడూ అయస్కాంతం ఉంటుంది. తీసి బ్రష్ దగ్గర పెట్టాను. పొడంతా లేచి దానికి అంటుకుంది.

రెండూ తీసుకెళ్ళి టీ కప్పుల మధ్య పెట్టాను.

“బావగారూ, ఇవాళ దేన్ని అరగదీశారు?”

“చెప్పాగా, ఈ పుల్లనే.”

“ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదండీ.”

ఆయన ఫ్యాను వైపు చూశారు. తర్వాత కప్పు వైపు చూశారు. “ఆ కొత్త కొక్కెం కాస్త లావుగా వచ్చింది. దాని పక్కనుంచి నా పుల్ల దూరక పిన్ను కూర్చోలేదు. కొక్కేనికే పైపైన ఆకురాయి పట్టాను. ఏమైందిప్పుడు?”

“ఏ కొక్కెం?” అని తమ్ముణ్ణి అడిగాను. వాడికి ట్రైనింగులో చెప్పారు. లోపల చిన్న సుత్తిలాంటిది ఉంటుంది. తూటా వెనక కొట్టేది అదే. ట్రిగ్గరు నొక్కేదాకా దాన్ని పట్టి ఉంచేది ఆ కొక్కెం. వాడు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

“ఖాళీగా ఉందేమో చూసి, గోడవైపు తిప్పి లాగి తొయ్. ట్రిగ్గరు మీద వేలు పెట్టకు,” అన్నాను.

తమ్ముడు తెరిచి చూశాడు, వేలు పెట్టి మళ్ళీ చూశాడు. పిడి వెనక్కి లాగి ముందుకి తోశాడు. ఏమీ కాలేదు. బావగారు నవ్వారు. మళ్ళీ తోశాడు. ఏమీ లేదు. ఆ తర్వాత కాస్త గట్టిగా తోశాడు.

లోపల సుత్తి ‘టక్’ మని పడింది.

వాడి వేలు ట్రిగ్గరుకి బయట నిటారుగా ఉంది. అందరం చూశాం.

“కొత్తది కదా,” అన్నారు బావగారు. “నాలుగు రోజులు వాడితే అదే సర్దుకుంటుంది.”

“అయితే తూటా వేసి మీరే ఒకసారి తొయ్యండి.”

“ఇంట్లో తూటాలు తియ్యకూడదమ్మాయ్. రూలు.” నా గరిటెలు కోసినప్పుడు, నా గడియ ఊడబీకినప్పుడు ఎక్కడ పడుకుందో ఆ రూలు! పైగా మాట్లాడుతూనే కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. ఆ కుర్చీ జరిగిన చప్పుడుతో నాకు అర్థమైంది. తుపాకీ ఎలా ఉందో ఆయనకి ముందే తెలుసు.

తమ్ముడు మాత్రం, “పర్లేదక్కా,” అన్నాడు. “నేల వైపు పట్టుకుని ఎక్కిస్తాను.”

“ఎక్కడ ఎక్కిస్తావు?”

“లోపల, స్టాఫు టిఫిను డబ్బాలు పెట్టుకునే గదిలో.”

“ఆ నేల మీద ఎవరి కాళ్ళుంటాయిరా?”

వాడు తల దించుకున్నాడు. “డ్యూటీకి రానంటే తీసేస్తారక్కా. ఈ పని కోసం ఎంత తిరిగానో నీకు తెలుసు.” తెలుసు. చెప్పులరిగేలా తిరిగాడు. అందుకేగా బావగారికి ఇంత అలుసైపోయాడు.

అప్పటిదాకా మా ఆయన గోడకి చేరగిలపడి పేపరు చూస్తున్నాడు. పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడు.

“మీరు చూశారా, ఆకురాయి పట్టడం?”

“చూశాను. టార్చిలైటు నేనే పట్టుకున్నాను.”

“మరి నోట్లో ఏం పెట్టుకున్నారు?”

“పెద్దవాడు. ఏమంటాం?”

“ఈ బ్రష్ సంగతి?”

“అన్నయ్య ఎప్పుడూ నాదే తీసుకుంటాడు,” అన్నాడు, అదేదో తన గొప్పతనమైనట్టు. “కడిగి వాడుకుంటాను. దానికింత రాద్ధాంతమెందుకు?”

నాకు అసహ్యమేసింది. నూనెకి కాదు. ఇన్నేళ్ళుగా నా పక్కన పడుకున్న మనిషి, అన్నగారి మొహం చిన్నబోతుందని, నా తమ్ముణ్ణి దానంతటదే పేలే తుపాకీతో గుమ్మం దాటించడానికి సిద్ధంగా కూర్చున్నాడు. పేపరు కూడా మడవకుండా.

ఇక ఎవరితోనూ మాట్లాడలేదు. తరిగే చెక్క తెచ్చాను. తుపాకీని దాని మీద పెట్టి, ఎలా విప్పాలో తమ్ముడు చెబుతుంటే బావగారి ఇత్తడి పుల్లతోనే పిన్నులు తోశాను. నిజం చెప్పాలంటే పుల్ల చాలా బాగా పనిచేసింది, పిన్నుల మీద ఒక్క గీత కూడా పడలేదు. అది చూసి ఇంకా ఒళ్ళు మండింది. ఇంత పనితనం ఉన్న చెయ్యి ఇంకో పుల్ల సన్నగా చేసుకోవడానికి బద్ధకించింది!

ట్రిగ్గరు భాగం మొత్తం ఊడి చేతిలోకొచ్చింది. గుడ్డలో మూటగట్టి తమ్ముడి చేతిలో పెట్టాను.

“తుపాకీ వేరుగా, ఇది వేరుగా పట్టుకెళ్ళి ఆఫీసులో ఇయ్యి. ఇది అరగదీసిన పార్టు, దీంతో నేను నిలబడను అని చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేనొచ్చి చెబుతాను.”

“నా కడుపు కొడుతున్నావక్కా,” అన్నాడు. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. బావగారు సగం టీ వదిలేసి లేచారు. పోతూ పోతూ గరిటె రెంచిని సంచిలో వేసుకున్నారు.

నేను వీధి చివరి కొట్టుకెళ్ళి కొత్త బ్రష్ కొన్నాను. అట్టపెట్టెలోంచి తీసి గ్లాసు పక్కన పెట్టాను. ఆకుపచ్చదాన్ని పారెయ్యలేదు. అది ఎక్కడుండేదో అక్కడే పెట్టాను. ఆయన ఏది తీస్తాడో చూడాలనిపించింది.

పొద్దున్నే ఫోను మోగింది. తమ్ముడు. గొంతులో ఇంకా అలక ఉంది.

“కర్ర ఇచ్చారు,” అన్నాడు. “వేరే తుపాకీ దొరికేదాకా కర్రతో నిలబడమన్నారు. అందరూ నవ్వుతున్నారు.”

“నవ్వనీరా,” అన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కర్ర. నా జన్మలో కర్రంటే ఇంత ముద్దొస్తుందనుకోలేదు.

చెబుదామని వాష్‌బేసిను దగ్గరికి వెళ్ళాను. మా ఆయన పళ్ళు తోముకుంటున్నాడు. కొత్త బ్రష్ పెట్టిన చోటే ఉంది. నోట్లో ఆకుపచ్చది.

“తమ్ముడికి కర్ర ఇచ్చారట,” అన్నాను.

“ఊఁ,” అన్నాడు. నురగ ఉమ్మాడు. బేసినులో అది బూడిదరంగులో జారింది. “అన్నయ్య రాత్రి అన్నం కూడా తినలేదట. ఒకసారి ఫోన్ చేసి మాట్లాడు, పాపం.”

నేను గ్లాసులోంచి నా ఎర్ర బ్రష్ తీశాను. కడిగి, తుడిచి, షాపు సంచిలో వేసుకున్నాను.

“షాపుకి బ్రష్ ఎందుకు?” అన్నాడు.

“పళ్ళు తోముకోవడానికి,” అన్నాను.